వ్యాసం కన్నా దాని తొడుగుకే ఎక్కువ రోజులు పట్టాయి

నా పీహెచ్‌డీకి కావలసిన నీటి నమూనాల కోసం రెండేళ్ల పాటు, వీలు దొరికిన ప్రతి శనివారం తెల్లవారుజామున ఎల్.బి. నగర్‌లో బస్సెక్కి నల్లగొండ జిల్లాకు వెళ్లేదాన్ని. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి మండలాల్లో 62 బోర్లను ఎంచుకుని, ఒక్కొక్క బోరు నుంచి ఎండాకాలంలో ఒకసారి, వానలు వెనకబట్టాక మరొకసారి నీళ్లు పట్టుకొచ్చాను. ఫ్లోరైడ్ పరీక్షకు గాజు సీసాలు పనికిరావు కనుక పాలిథీన్ సీసాలే వాడాలి. అలాంటివి 124 సీసాలు విడతలు విడతలుగా నా భుజం మీదుగానే హైదరాబాదు చేరాయి. ఆ రెండేళ్లలో ఒక్క రోజు కూడా ఈ పని ఎందుకు చేస్తున్నానన్న సందేహం నాకు రాలేదు. ఆ సందేహం వచ్చింది తరువాత, ఇంట్లో ఫ్యాను కింద కూర్చుని, రిఫరెన్సుల జాబితాలో పత్రికల పేర్ల పక్కనున్న చుక్కలను ఒక్కొక్కటిగా తీసేస్తున్నప్పుడు.

నేను నగరంలోని ఒక డిగ్రీ కళాశాలలో రసాయన శాస్త్రం బోధిస్తాను. 2019లో పార్ట్‌టైమ్ పీహెచ్‌డీకి నమోదయ్యాను. అప్పటికి అమలులో ఉన్న 2016 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం, థీసిస్ సమర్పించే ముందు కనీసం ఒక వ్యాసమైనా సమీక్ష జరిగే జర్నల్‌లో అచ్చయి ఉండాలి. 2022 నవంబరులో వచ్చిన కొత్త నిబంధనలు ఆ షరతును తీసేశాయి గానీ, నేను పాత నిబంధనల కింద నమోదైన దాన్ని కాబట్టి ఆ వెసులుబాటు నాదాకా రాలేదు. కనుక వ్యాసం అచ్చయితే తప్ప థీసిస్ బైండింగుకు వెళ్లే మార్గం లేదు. వ్యాసం రాయడానికి అయిదు వారాలు పట్టింది. దాన్ని మూడు జర్నళ్లకు మూడు రకాలుగా ముస్తాబు చేయడానికి ఎంత పట్టిందో చెప్పడమే ఇక్కడ నా ఉద్దేశం.

మొదటి జర్నల్ మా గైడు సార్ సూచించినది. దాని రచయితలకు సూచనలు అన్న పేజీని స్క్రీన్ మీద చదవడం నా వల్ల కాక, విద్యానగర్‌లో నేను ఎప్పుడూ వెళ్లే డీటీపీ దుకాణంలో ప్రింటు తీయించుకున్నాను. 23 పేజీలు వచ్చింది. నా వ్యాసం, పట్టికలూ పటాలూ కలుపుకుని, 19 పేజీలు. దుకాణం అన్న రెండింటినీ పక్కపక్కన పెట్టి స్టేపుల్ కొడుతూ ఏది వ్యాసమో ఏది సూచనో అడిగి తెలుసుకోవలసి వచ్చింది.

ఆ 23 పేజీల్లో కొన్ని సహేతుకమైనవే. నీటి నమూనాలు ఎలా నిల్వ చేశారో, ఫ్లోరైడును కొలిచే ఎలక్ట్రోడును ఎలా క్రమాంకనం చేశారో, ఎంత తక్కువ ఫ్లోరైడును గుర్తించగలిగారో చెప్పమన్నారు. ఇవి అడగకపోతేనే తప్పు. కానీ వాటి పక్కనే, అంతే గంభీరంగా, అంతే ముద్ద అక్షరాలతో, ఎడమ అంచు ఇంత, లైన్ల మధ్య ఖాళీ రెట్టింపు, ప్రతి పంక్తికీ వరుస సంఖ్య, పట్టికల్లో నిలువు గీతలు నిషేధం, రేఖాచిత్రాలు 1000 డీపీఐ (అంటే అంగుళానికి అన్ని చుక్కలు), ఫోటోలు 300 డీపీఐ, ప్రతి చిత్రమూ వేరే ఫైలు, చిత్రాల కింది వివరణలన్నీ మరో ఫైలు అని ఉన్నాయి. సమీక్షించేవారు చిత్రం ఒకచోట, దాని వివరణ మరోచోట వెతుక్కోవాలన్న మాట. లైన్ల మధ్య రెట్టింపు ఖాళీ టైపు మిషన్ల కాలంలో సంపాదకులు పంక్తుల నడుమ పెన్సిల్‌తో దిద్దడానికి పెట్టుకున్న ఏర్పాటు. పెన్సిళ్లు పోయినా ఖాళీ మాత్రం మిగిలింది.

అన్నిటికన్నా నన్ను ఎక్కువ ఏడిపించినవి హైలైట్లు. వ్యాసంలోని ముఖ్యాంశాలను మూడు నుంచి అయిదు వాక్యాల్లో చెప్పాలి, ఒక్కొక్క వాక్యం ఖాళీలతో సహా 85 అక్షరాలు దాటకూడదు. వ్యాసం ఇంగ్లీషులో ఉంటుంది కాబట్టి ఆ భాషలో భూగర్భజలం అన్న మాటకే 11 అక్షరాలు పోతాయి, గాఢత అంటే 13. నా రెండో హైలైటు 97 అక్షరాలు వచ్చింది. గాఢతను తీసేసి స్థాయి అన్న పొట్టి మాట పెడితే 8 తగ్గాయి. ఇంకా నాలుగు తగ్గాలి. ఎటు తిప్పి రాసినా లొంగలేదు. చివరికి వానల తరువాత అన్న అర్థం వచ్చే మాటను తీసేస్తే 85 లోపలికి దిగింది. పెట్టెలో ఎర్ర రంగు పోయి ఆకుపచ్చ వచ్చింది. తీరా చదివి చూసుకుంటే, సగానికి పైగా బోర్లలో ఫ్లోరైడ్ పెరిగింది అని మాత్రమే మిగిలింది. ఎప్పుడు, దేనితో పోలిస్తే అన్నది లేదు. రెండేళ్లు రెండు కాలాల్లో తిరిగిన మనిషిని, కాలం అన్న మాటనే అక్షరాల లెక్క కోసం కొట్టేశాను. ఆ రాత్రి మళ్లీ లేచి ఆ వాక్యాన్ని మొత్తం తీసేసి, విషయం లేకపోయినా అబద్ధం కూడా లేని మరో వాక్యం పెట్టాను.

ఇక పేరు. మన పేర్లలో ఇంటిపేరు ముందు వస్తుందని, అది చాలాసార్లు ఒక్క అక్షరంగా కుదించుకుపోతుందని తెలుగువాళ్లకు చెప్పనక్కరలేదు. పదో తరగతి మెమోలో నా ఇంటిపేరు ముందు ఒక పొడి అక్షరంగా ఉంటుంది, ఆ తరువాత వెంకట, చివర లక్ష్మి. జర్నల్ వారి వెబ్ ఫారంలో మాత్రం మొదటి పేరు, కుటుంబ నామం అని రెండు గడులు, రెండూ తప్పనిసరి, దేనిలోనూ ఒంటి అక్షరం ఒప్పుకోదు. 2015లో నేను సహ రచయితగా ఉన్న ఒక చిన్న వ్యాసంలో, ఫారం నింపిన వారెవరో ఉన్నది ఉన్నట్టు ఎక్కించడంతో లక్ష్మి నా కుటుంబ నామమైపోయింది. అప్పటి నుంచి డేటాబేసుల్లో నేను లక్ష్మి పి.వి.ని. అలాంటి లక్ష్ములు దేశంలో ఎంతమంది ఉంటారో ఊహించుకోవచ్చు. ఈసారి ఇంటిపేరును పూర్తిగా విప్పి కుటుంబ నామం గడిలో పెట్టాను. దానితో రిఫరెన్సుల జాబితాలో నా పాత వ్యాసాన్ని నేనే ఉటంకించినప్పుడు, అక్కడి లక్ష్మీ ఇక్కడి నేనూ ఇద్దరు వేర్వేరు మనుషులుగా కనిపించసాగాము. 2012లో మొదలైన ఓర్కిడ్ అన్న ఏర్పాటు ఇలాంటి వారి కోసమే: ప్రతి పరిశోధకునికీ 16 అంకెల సంఖ్య ఒకటి ఇస్తారు, పేరు ఎన్ని వేషాలు వేసినా ఆ సంఖ్య మారదు. తీసుకున్నాను. తల్లిదండ్రులు పెట్టిన పేరు కన్నా ఆధార్ లాంటి అంకెలే నమ్మకమని ఒప్పుకోవలసి రావడం ఒకింత చివుక్కుమనిపించినా, అది పనిచేసే ఉపాయమే.

రిఫరెన్సులకు నేను జోటెరో వాడతాను. 2006లో ఒక విశ్వవిద్యాలయం ఉచితంగా విడుదల చేసిన సాఫ్ట్‌వేర్ అది. జర్నల్ పేరు ఎంచుకుంటే ఉటంకింపులన్నిటినీ ఆ జర్నల్ పద్ధతిలోకి తానే మార్చేస్తుంది. అందులో పదివేలకు పైగా శైలులు ఉన్నాయి. ఆ సంఖ్య చూసి మొదట్లో ముచ్చటపడ్డాను, తరువాత భయపడ్డాను. ఒకే సమాచారాన్ని, అంటే ఎవరు రాశారు, ఏం రాశారు, ఎక్కడ, ఎప్పుడు అన్న నాలుగు ముక్కలను చెప్పడానికి, లోకానికి పదివేల పద్ధతులు అవసరమయ్యాయన్న మాట. సంవత్సరం పేరు పక్కన రావాలా చివర రావాలా, సంపుటం సంఖ్య ముద్దగా ఉండాలా వాలుగా ఉండాలా, పత్రిక పేరును కుదించాలా, కుదిస్తే చుక్క పెట్టాలా! కుదించడానికి అంతర్జాతీయ ప్రమాణం ఉంది, ఐఎస్ఓ 4 అంటారు. ఏ మాటను ఎక్కడ తెంపాలో చెప్పే జాబితా కూడా ఉంది. ఒకే మాట ఉన్న పత్రిక పేరును కుదించకూడదన్న నియమం అందులోదే. నా 58 రిఫరెన్సుల్లో అలాంటి పేరు ఒకటి ఉంది, దాన్ని నేను తెంపాను, అది పట్టుబడింది.

జర్నల్ వారి సమర్పణ వేదికలో వ్యాసం ఎక్కించిన ఆరో రోజున సాంకేతిక తనిఖీ నుంచి మొదటి ఉత్తరం వచ్చింది: అధ్యయన ప్రాంతం మ్యాపు నాణ్యత చాలదు. సరిచేసి పంపితే వారానికి రెండో ఉత్తరం: పత్రికల పేర్లు కుదించిన తీరు సరిగా లేదు. అది కూడా సరిచేస్తే మూడోది: ప్రయోజనాల వైరుధ్యం లేదన్న ప్రకటన రిఫరెన్సుల తరువాత కాదు, ముందు ఉండాలి. మూడు లోపాలనూ ఒకే ఉత్తరంలో చెప్పవచ్చు కదా అన్న ఆలోచన ఎవరికైనా వస్తుంది. తనిఖీ చేసేవారు పై నుంచి చదువుతూ మొదటి తప్పు కనబడగానే ఆపి వెనక్కి పంపుతారని నాకు అప్పుడు అర్థమైంది. మిగతా పేజీలు వాళ్లు చూడరు. గైడు సార్‌కు ఫోను చేసి వాపోతే ఆయన తాపీగా, వాళ్ల ఇల్లమ్మా, వాళ్ల నియమాలు, చెప్పులు బయట విప్పమంటే విప్పాల్సిందే అన్నారు.

మ్యాపు విషయంలో మాత్రం తప్పు నాదే, అది నాకు నేర్పింది విద్యానగర్ అన్న. ఆయన ఇరవై ఏళ్లుగా ఉస్మానియా విద్యార్థుల థీసిస్‌లు టైపు చేసి, సవరించి, బైండు చేసి ఇస్తున్న మనిషి. దుకాణం ముందు మూడు స్టూళ్లు, లోపల రెండు కంప్యూటర్లు, గోడకు నీలం రంగు రెక్సిన్ అట్టల దొంతర, వాటి మీద బంగారు అక్షరాలు. నేను మ్యాపును వర్డ్ ఫైలులో అతికించి, అందులోంచి మళ్లీ చిత్రంగా తీసి, ఒక సాఫ్ట్‌వేర్‌లో 96 అని ఉన్న అంకెను 300 అని మార్చి పంపాను. ఆ సంగతి చెప్పగానే ఆయన నవ్వు ఆపుకోలేక, మేడం, పాలల్ల నీళ్లు పోస్తే పాలు ఎక్కువైతయా అన్నారు. వర్డ్ తనంతట తానే చిత్రాలను 220 డీపీఐకి కుదిస్తుందట. నేను ముందే పోగొట్టుకున్న చుక్కలను అంకె మార్చి తిరిగి తెచ్చుకోలేను. మ్యాపు గీసిన సాఫ్ట్‌వేర్ నుంచే నేరుగా 300 డీపీఐలో, పత్రిక చెప్పిన వెడల్పుకే తీయించుకుని రమ్మన్నారు. మర్నాడు అలాగే తీసుకెళ్తే, ఉత్తర దిక్కు బాణం అక్షరాల కన్నా పెద్దగా ఉందని దాన్ని కూడా తగ్గింపించారు.

మూడు తనిఖీలూ దాటి వ్యాసం సంపాదకుని చేతికి వెళ్లింది. రెండు రోజులకు జవాబు వచ్చింది. ఈ అధ్యయనం ఒక ప్రాంతానికే పరిమితమైనది కనుక మా పాఠకులకు ఆసక్తి కలిగించకపోవచ్చు, సమీక్షకు పంపడం లేదు అని నాలుగు పంక్తులు. ఆ నాలుగు పంక్తులకు నా అబ్‌స్ట్రాక్ట్, అంటే వ్యాసం మొదట్లో ఉండే సారాంశం, ఒక్కటి చదివితే చాలు. ఆ సంగతి మొదటి రోజే చెప్పి ఉంటే హైలైట్లూ చుక్కలూ మ్యాపూ ఏవీ అక్కరలేకపోయేవి. చెప్పులు విప్పించి, కాళ్లు కడిగించి, గడపలోనే నిలబెట్టి పంపేశారు. కళాశాల డైరీలో పాఠాల పక్కన నేను గంటలు రాసుకునే అలవాటు ఉంది; దాన్ని బట్టి ఆ జర్నల్ కోసం కేవలం రూపం సరిచేయడానికి 31 గంటలు పట్టింది.

ఇది నా చేతగానితనమేనేమో అనుకునే రోజుల్లో ఒక అధ్యయనం కంటబడింది. 2019లో ప్లాస్ వన్ పత్రికలో వచ్చినది. 41 దేశాలకు చెందిన 372 మంది పరిశోధకులను అడిగి లెక్క వేస్తే, ఒక్కొక్క వ్యాసం రూపం దిద్దడానికి మధ్యస్థంగా 14 గంటలు, మనిషికి ఏడాదికి 52 గంటలు పడుతున్నాయని తేలింది. నా 31 గంటలు అందులో ఎక్కువ వైపే. అయినా, 52 గంటలంటే వారానికి పైగా పని. ఆ లెక్క చదివాక నా మీద నాకున్న కోపం కొంత తగ్గి, అది వెళ్లవలసిన వైపుకు మళ్లింది.

రెండో జర్నల్‌కు మార్చడమంటే, కుట్టిన జాకెట్టును విప్పి మరొకరి కొలతలకు కుట్టడమే. మొదటి దానిలో రిఫరెన్సులు అంకెల వరుసలో ఉండాలి, ఇందులో పేరు, సంవత్సరం. అబ్‌స్ట్రాక్ట్ 250 మాటల నుంచి 200కు దిగాలి. ఫలితాలూ చర్చా అక్కడ ఒకే విభాగం, ఇక్కడ రెండు. లీటరుకు మిల్లీగ్రాములు అన్నదాన్ని అక్కడ ఏటవాలు గీతతో రాయాలి, ఇక్కడ లీటరు పక్కన పైకెత్తిన మైనస్ ఒకటితో రాయాలి. వ్యాసంలో ఆ కొలమానం వంద చోట్లకు పైగా ఉంది. పైగా ఇక్కడ సమీక్షకులకు రచయితలెవరో తెలియకూడదు కాబట్టి, పేర్లూ కృతజ్ఞతలూ వేరే ఫైలులోకి తీసి, మా ముందటి వ్యాసంలో అన్న మాటలను తుడిచి, ఫైలు లక్షణాల్లో దాగి ఉన్న నా పేరును కూడా చెరపాలి. అన్నీ చేశాను. ఒక్కటి మాత్రం చేయలేదు. రుణ సంఖ్యలకు హైఫన్ వాడకండి, మైనస్ గుర్తు వాడండి అని ఒక నియమం ఉంది. కీబోర్డు మీద ఉన్న గీత ఒక్కటే కదా, చూడటానికి రెండూ ఒకటే కదా, ఇది మరీ చాదస్తం అనుకుని వదిలేశాను. తనిఖీవారు కూడా పట్టుకోలేదు.

నాలుగు నెలలకు ఇద్దరు సమీక్షకుల అభిప్రాయాలతో తిరస్కరణ వచ్చింది. మొదటివారి మాటలు పొడిపొడిగా ఉన్నాయి. రెండోవారు మాత్రం శ్రద్ధగా చదివారు, అందుకే దెబ్బ గట్టిగా తగిలింది. నీటిలో ఫ్లోరైట్ ఖనిజం ఇంకా కరగగలదా లేదా అన్నది తెలుసుకోవడానికి సంతృప్త సూచిక అని ఒక లెక్క ఉంటుంది. అది సున్నాకు దిగువన, అంటే రుణ సంఖ్యగా ఉంటే, నీళ్లు ఇంకా ఫ్లోరైటును కరిగించుకోగలవు. పైన ఉంటే ఆ ఖనిజం అవక్షేపమయ్యే వైపు మొగ్గుతుంది. మా బోర్లలో చాలావాటిలో అది రుణ సంఖ్యే, నా చర్చ అంతా దాని మీదే నిలబడింది. ఆ సమీక్షకులు ఏమన్నారంటే, పట్టిక 3లో అనేక బోర్లకు సూచిక ధన సంఖ్యగా ఉంది, చర్చలో రచయితలు దానికి సరిగ్గా వ్యతిరేకంగా వాదిస్తున్నారు, ప్రాథమికమైన ఈ వైరుధ్యాన్ని వివరించలేదు.

నేను నా ఫైలు తెరిచి చూశాను. అన్నీ రుణ సంఖ్యలే. తరువాత సమర్పణ వేదిక నా ఫైలు నుంచి తయారుచేసి సమీక్షకులకు పంపిన పీడీఎఫ్ తెరిచాను. ఆ పట్టికలో గడులు ఇరుకు. గడిలో చోటు చాలని చోటల్లా హైఫన్ పై పంక్తి చివర ఒంటరిగా ఆగిపోయి, 0.42 కింది పంక్తిలో పడింది. పైనున్న గీత ఖాళీ గడిలో గీసిన గీతలా ఉంది, కిందిది ధన సంఖ్యలా ఉంది. మాటను విరవడానికి వాడే గుర్తు కనుక హైఫన్ దగ్గర పంక్తి విరిగింది, దాని పని అది చేసింది. నేను చాదస్తమని నవ్వుకున్న నియమం, ఆ 23 పేజీల తరహా నియమాలన్నిటిలోనూ, నా శాస్త్రాన్ని నిజంగా కాపాడగలిగినది.

విద్యానగర్ వెళ్లి పీడీఎఫ్ చూపించాను. అన్న కళ్లజోడు నుదుటి మీదకు నెట్టుకుని స్క్రీన్‌కు దగ్గరగా వంగి, గిది మైనస్ కాదు మేడం, హైఫన్ అన్నారు, నేను అంతసేపు చెప్పిన కథ వినకుండానే. తరువాత ఒక తెల్ల కాగితం మీద మూడు గీతలు గీసి చూపించారు: పొట్టిది హైఫన్, దానికన్నా కొంచెం పొడుగుది పేజీ సంఖ్యల మధ్య పెట్టేది, ప్లస్ గుర్తులోని అడ్డగీతంత వెడల్పూ అంతే ఎత్తులోనూ ఉండేది మైనస్. వర్డ్‌లో 2212 అని కొట్టి వెంటనే ఆల్ట్, ఎక్స్ కలిపి నొక్కితే మైనస్ వస్తుంది. అన్నిటినీ ఒకేసారి మార్చేయమంటే ఆయన ఒప్పుకోలేదు, అలా చేస్తే వ్యాసంలో మాటల మధ్యనున్న హైఫన్లన్నీ మైనస్‌లైపోతాయి. పట్టికలోని రెండు నిలువు వరుసలను మాత్రమే ఎంచుకుని వాటిలో మార్చారు. ఆ పనికి డబ్బు తీసుకోలేదు, పక్క కొట్టు నుంచి తెప్పించిన ఇరానీ చాయ్ డబ్బులు కూడా తానే ఇచ్చారు.

ఈ తరహా గందరగోళం గురించి ఎవరూ ఆలోచించలేదని కాదు. 1978లో కెనడాలోని వాంకూవర్ నగరంలో కొందరు వైద్య పత్రికల సంపాదకులు సమావేశమై, వ్యాసాల రూపానికి ఉమ్మడి నియమాలు ఏర్పరచుకుని, మరుసటి ఏడాది ప్రచురించారు. రచయిత ఒక పత్రికకు రాసిన వ్యాసాన్ని మరో పత్రికకు పంపేటప్పుడు మళ్లీ మొదటి నుంచి టైపు చేయించే బాధ తప్పాలన్నది దాని వెనకనున్న ఆలోచన. ఆ ఊరి పేరే నేటికీ అంకెల వరుసలో ఇచ్చే రిఫరెన్సుల పద్ధతికి నిలిచిపోయింది. జోటెరోలోని పదివేల శైలుల జాబితాలో ఆ పేరుతోనే ఎన్ని రకాలున్నాయో చూస్తే, ఏకం చేయడానికి పుట్టినది కూడా ఎలా చీలిపోయిందో కనబడుతుంది.

మూడో జర్నల్‌ను నేను ఎంచుకున్నది ఒక్క కారణానికి: మొదటిసారి పంపేటప్పుడు ఏ రూపంలో ఉన్నా సరే అని రాసి ఉంది. ఎల్సెవియర్ సంస్థ 2011లో ఒక పత్రికతో ఇలాంటి పద్ధతి మొదలుపెట్టి తరువాత చాలా పత్రికలకు విస్తరించింది. ఇప్పుడు ఇతర ప్రచురణకర్తల పత్రికలు కూడా చాలావాటిలో ఇదే వీలు ఉంది. రిఫరెన్సులు ఏ పద్ధతిలోనైనా ఉండవచ్చు, అన్నీ ఒకే తీరుగా ఉంటే చాలు. చిత్రాలు వాటి గురించి చెప్పిన చోటే, వాటి వివరణలతో సహా, ఉండవచ్చు. నేను మొత్తం ఒకే పీడీఎఫ్‌గా ఎక్కించాను. నలభై నిమిషాలు పట్టింది, అందులో పది నిమిషాలు నా పేరు గడులతో కుస్తీ. సమీక్షకులు అడిగినవి కూడా నీటి గురించే: కాల్షియం తగ్గిన బోర్లలోనే ఫ్లోరైడ్ ఎక్కువ ఉందా, పోలిక కోసం లేబరేటరీలో పరీక్షించే ఖాళీ (శుద్ధ నీటి) నమూనాల్లో ఏం వచ్చింది, త్రాగునీటికి లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటిన బోర్లు ఇప్పుడు ఎవరు వాడుతున్నారు. చివరి ప్రశ్నకు జవాబు కోసం మళ్లీ ఒక శనివారం మర్రిగూడ వెళ్లి వచ్చాను. ఆ ప్రయాణం నాకు భారమనిపించలేదు. సవరించిన ప్రతి పంపేటప్పుడు మాత్రం వారి పద్ధతిలో దిద్దమన్నారు. అంగీకారం దాదాపు ఖాయమయ్యాక అడిగారు కనుక ఆ ఆరు గంటలు నాకు నొప్పి తెలియలేదు.

అంగీకార పత్రం వచ్చిన రెండు వారాలకు ప్రూఫు వచ్చింది, 48 గంటల్లో చూసి పంపాలి. నేను వ్యాసాన్ని పంపిన రూపం అందులో ఆనవాలుకు కూడా లేదు. ప్రచురణ సంస్థల టైప్‌సెట్టింగ్ విభాగాలు, వాటిలో పెద్దవి చెన్నైలోనూ పుదుచ్చేరిలోనూ ఉన్నాయి, రచయిత పంపిన ఫైలును విప్పి, ఏది శీర్షికో ఏది పేరో ఏది సంవత్సరమో ఎక్స్ఎంఎల్ గుర్తులతో విడివిడిగా వేరుచేసి, ఆ తరువాత పత్రిక అచ్చులో మళ్లీ పోస్తాయి. నా ఫాంటూ అంచులూ రెట్టింపు ఖాళీలూ అన్నీ అక్కడే రాలిపోయాయి. చుక్కలు, నేను రెండు రాత్రులు కూర్చుని తీసిన ఆ చుక్కలు, ఈ పత్రిక పద్ధతిలో ఉండాలి కాబట్టి వాటంతట అవే తిరిగి వచ్చి కూర్చున్నాయి. యంత్రం చేసే పనిని ముందుగా మనిషి చేత చేయించి, ఆ తరువాత దాన్ని చెరిపి యంత్రం చేత చేయించడంలోని తర్కం నాకు ఇంతవరకు ఎవరూ చెప్పలేదు.

ప్రూఫు పక్కన రచయితకు ప్రశ్నలు అని తొమ్మిది ఉన్నాయి. మొదటి ప్రశ్న: రచయితలకు పెట్టిన పేర్లు, కుటుంబ నామాలు సరిగా గుర్తించామో లేదో నిర్ధారించండి. గుర్తించలేదు. గైడు సార్ ఇంటిపేరు, ఆయన పెట్టిన పేరూ తారుమారయ్యాయి. నేను మళ్లీ లక్ష్మి పి.వి.ని అయ్యాను. ఓర్కిడ్ సంఖ్య మాత్రం సరిగానే ఉంది. ఇద్దరి పేర్లనూ విడమరిచి, ఏ ముక్క ఇంటిపేరో ఏ ముక్క పెట్టిన పేరో రాసి, ఆ గడి కింద రాత్రి పదకొండున్నరకు సమర్పించు అన్న బొత్తాం నొక్కే ముందు పట్టిక 3 ఒక్కసారి పెద్దది చేసి చూశాను. గడులు వెడల్పు చేశారు. గీతలూ అంకెలూ ఒకే పంక్తిలో ఉన్నాయి. అయినా స్క్రీన్ మీద చూసి నమ్మే ధైర్యం లేకపోయింది.

వ్యాసం అచ్చయ్యాక రెండు పేజీలు ప్రింటు తీసుకుని విద్యానగర్ వెళ్లాను. అన్న పేర్ల వైపు చూడలేదు, శీర్షిక చదవలేదు. రెండో కాగితం తీసుకుని పట్టిక 3 దగ్గర స్టీలు స్కేలు పెట్టి, 0.42 పక్కనున్న గీతనూ, పై వరుసలోని ప్లస్ గుర్తు అడ్డగీతనూ పోల్చి చూశారు.

మైనసే మేడం అని కాగితం తిరిగిచ్చి, అంతకు ముందు సగంలో ఆపిన రెక్సిన్ అట్టకు జిగురు రాయడం మొదలుపెట్టారు.